బుదరమ్మ వెయ్యని అడుగు

మీరు ఎన్ని కొండలైనా చూసి ఉండండి, ఊటకొండ తీరే వేరు. రోహిణి కార్తెలో రాళ్ళు పగిలే ఎండకి కింద ఏరంతా ఇసక తేలిపోతుందా, ఈ కొండ నడుములోంచి మాత్రం చల్లటి నీళ్ళు కారుతూనే ఉంటాయి. ఆ ఊటని నమ్ముకునే ఏదుపందులూ, కొండగొర్రెలూ, అడవికోళ్ళూ తాతముత్తాతల నాటి నుంచీ అక్కడ కాపురం. వాళ్ళందరికీ పెద్దదిక్కు బుదరమ్మ అనే ఆడ అలుగు. అలుగంటే తెలుసుగా? ఒంటినిండా పెంకుల్లాంటి పొలుసులు, నోట్లో ఒక్క పన్నుండదు, పుట్టలు చీల్చి చీమల్ని నాకి బతుకుతుంది. మనిషి మూరెడే గానీ, ఏమాటకామాటే చెప్పుకోవాలి, బుర్ర మాత్రం బారెడు!

కొండ నెత్తిన ఉప్పుమన్ను ఉంది. కావలసినవాళ్ళు ఎక్కి, నాలుగు నాకులు నాకి దిగిపోవడం అక్కడి ఆనవాయితీ. కింద అడవిలో ఉండే పంది దుక్కన్నకి ఆ ఎక్కడం బరువైంది.

"ఇదెక్కడి గోల! మందనంతా తోలుకెళ్ళి, నెత్తంతా తవ్వి, మన్ను కిందికి దొర్లించేస్తే సరిపోలా?" అన్నాడు.

నెత్తి తవ్వితే ఊట ఎండిపోతుంది. వాననీళ్ళు పీల్చి దాచేది ఆ మన్నే. ఈ సంగతి కొండమీద నిన్న పుట్టిన కోడిపిల్లకి కూడా తెలుసు.

అయితే ఆ అడవిలో ఏనుగు దొర పెట్టిన కట్టుబాటు ఒకటుంది. ఏ కొండ తవ్వాలన్నా ఆ కొండమీది వాళ్ళని అడిగి తీరాలి. సరే అన్నవాళ్ళు తడిమట్టి మీద అడుగేసి వెళతారు. ఆ మట్టిని ఎండబెట్టి, పలక తెచ్చి దొరకి చూపించాలి. దుక్కన్న ఈ పని నక్క పీతాంబరానికి అప్పజెప్పాడు. ఇంకేం, పాలకి పిల్లిని కాపలా పెట్టినట్టయింది!

పీతాంబరం కొండ మొదట్లో నీడ చూసుకుని నిలబడి, పైకి కేకేశాడు.

"ఓ బావలూ, ఓ వదినలూ! మీ కొండ కాస్త తవ్వుకుంటాం. మీకు బుట్టలకి బుట్టలు ఇప్పపూలు పోస్తాం. సరేనా?"

పైనుంచి ఏదుపంది కొర్రయ్య ముళ్ళు గలగలలాడించాడు. "ఇప్పచెట్లు మాకే ఉన్నాయి బావా! ఊటకి బదులు ఊట తెస్తావా?"

"ఊటకేమవుతుందయ్యా, దాని దారిన అది ఉంటుంది!"

"అలాగైతే పైకి రా నాయనా," అంది బుదరమ్మ. "ఊట పక్కన కూర్చో. తవ్వితే ఏమవుతుందో మేం చెబుతాం, ఎందుకు తవ్వాలో నువ్వు చెప్పు. అడగడమంటే అదీ."

"ఎండ మండిపోతోంది పెద్దమ్మా, ఇంకోసారి చూద్దాం!" అంటూ నక్క తోక ఝాడించుకుని చక్కా పోయాడు.

పోయి ఊరుకున్నాడా? ఏటి ఒడ్డున తడిమట్టి చదును చేసి తనే అడుగులు అచ్చువెయ్యడం మొదలెట్టాడు. మూడు పుల్లలు కట్టి కోడికాలు. రెండు గులకరాళ్ళతో కొండగొర్రె గిట్ట. మరి అలుగుది? కొండ మొదట్లో బుదరమ్మ చీల్చిన పుట్ట మీద పొడుగాటి గోళ్ళ గీతలు కనిపించాయి. "ఓహో, ఇదా ముసలమ్మ పంజా!" అనుకుని తుమ్మముళ్ళతో గోళ్ళన్నీ నిక్కచ్చిగా గుచ్చాడు.

దొర కొలువు తీరిన రోజు పలక తెచ్చి ముందు పెట్టాడు. కబురు విని కొండవాళ్ళంతా పరుగున దిగొచ్చారు.

"మేం సరేననలేదు దొరా!" అన్నాడు కొర్రయ్య ముళ్ళు నిక్కబొడుచుకుని.

"చూశారా దొరా, తెల్లారేసరికి మాట మార్చేశారు," అన్నాడు పీతాంబరం. "మట్టి అబద్ధమాడుతుందా?"

ఏనుగు దొర తొండం ఊపాడు. ఆయనకీ ఉప్పంటే నాలుక లాగుతుంది. "అడుగులు కనబడుతూనే ఉన్నాయి మరి..." అని నసిగాడు. దుక్కన్న అప్పుడే కోరలు నూరుకుంటున్నాడు. అడవికోళ్ళు ఏడుపు లంకించుకున్నాయి.

బుదరమ్మ మాత్రం కేకెయ్యలేదు, శాపం పెట్టలేదు. చూడండి ఆ నిదానం! పలక దగ్గరికొచ్చి వంగి చూసింది.

"ఇందులో నాదేది నాయనా?"

"చూపు కూడా పోయిందా పెద్దమ్మా? పళ్ళు లేవని తెలుసు గానీ!"

"పళ్ళు పుట్టినప్పుడే లేవు. అయినా ఒక్కపూట పస్తు పడుకోలేదులే. చూపించు."

"అదుగో, ఆ పొడుగు గోళ్ళది. ముందుకాలు."

"నేను నడిచే వచ్చానా? ఎవరైనా మోసుకొచ్చారా?"

"నడిచే వచ్చావు! ఈ రెండు కళ్ళతో చూశాను. ఆయాసపడుతుంటే మంచినీళ్ళు కూడా ఇచ్చాను."

"అందరూ విన్నారుగా," అంది బుదరమ్మ. "దొరా, కాస్త తడిమట్టి పరిపించండి."

దొర తొండంతో నీళ్ళు చల్లాడు. బుదరమ్మ ఆ బురద మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. అందరూ మూగి చూశారు. ముందుకాళ్ళ జాడలో ఒక్క గోరు గీత లేదు! గుండ్రటి గుంటలు, అంతే. గోళ్ళు లోపలికి ముడుచుకుని, పిడికిలి బిగించినట్టు, కణుపుల మీద నడుస్తోంది ఆవిడ.

"గోళ్ళు నాకు గునపాలు దొరా," అంది. "గునపం నేలమీద ఈడ్చుకుంటూ పోయే రైతుంటాడా? అరిగిపోతే రేపు పుట్ట దేంతో చీల్చను? మా అమ్మ నేర్పిన మొదటి నడకే ఇది."

పీతాంబరం దొర వైపు తిరిగాడు. "ఆ రోజు... తొందరలో గోళ్ళు చాపి నడిచిందేమో దొరా..."

"అదీ చూద్దాం," అని బుదరమ్మ గోళ్ళు చాపి ఒక్కడుగు వేసింది. వేసి, ముక్కు నేలకానేలా బోర్లా పడింది. కొలువంతా గొల్లుమంది. ఏడుస్తున్న కోళ్ళు కూడా నవ్వాయి. పొలుసుల మీద బురదతో ఆవిడా నవ్వింది.

నక్కకి మాత్రం దొంగకి తేలు కుట్టినట్టయింది. దుక్కన్న గుర్రుమన్నాడు. "అందరూ ఒప్పుకున్నారని చెప్పావు కదరా!"

దొర తలదించుకున్నాడు. "తప్పు నాదీ ఉంది బుదరమ్మా. ఉప్పు మీద ఆశతో పలక చూశాను గానీ మీ మొహాలు చూడలేదు. ఇప్పుడు నేనే అడుగుతున్నాను. తవ్వమంటారా?"

"వద్దు దొరా," అంది బుదరమ్మ. "ఉప్పు కావాలంటే ఎక్కి రండి, కడుపారా నాకండి. కొండని మాత్రం దించకండి."

"వద్దంటే వద్దే," అని దొర ఒక్క కాలితో పలకని పొడి చేశాడు. పీతాంబరం వీపున తడిమట్టి గంప కట్టించాడు. కొండమీద ప్రతి గడపకీ వెళ్ళి, "నీ అడుగు ఇలా ఉంటుందా తల్లీ?" అని అడిగి నేర్చుకురమ్మన్నాడు. మూడో మలుపుకే నక్క నాలుక మోకాళ్ళ దాకా వేలాడిందట.

నీతి: గడప తొక్కి అడగనివాడు, ఆ ఇంటివాళ్ళు ఒప్పుకున్నారని చెప్పకూడదు.