లక్ష చిలకల్లో ఒక చిలక

అనగనగా కంబుగిరికి ఒక రాజు, ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల ధూమకేశుడనే మాంత్రికుడున్నాడు. వాడు ఇందుప్రభ అనే రాజకుమార్తెను ఎత్తుకుపోయి కోటలో పెట్టాడు. వాడి ప్రాణం తోటలో ఉన్న లక్ష చిలకల్లో ఒకదాంట్లో ఉంది. చూడబోతే అన్నీ ఒక్కలాగే ఉంటాయి. వాడి పందెమేమిటంటే, వచ్చినవాడు ఒక్క చిలకనే పట్టుకోవాలి, తప్పితే రాయైపోతాడు. పెద్దవాడు వెళ్ళాడు, రాయయ్యాడు. నడిపివాడు వెళ్ళాడు, రాయయ్యాడు. ఇక మిగిలింది చిన్నవాడు మణిధరుడు.

అన్నల్ని తెచ్చుకుంటానని వాడూ బయల్దేరాడు. రాజు బావురుమన్నాడు. లక్షలో ఒకటి, అది జరిగే పని కాదురా నాయనా అన్నాడు. మణిధరుడు వింటేగా, ఉత్త మొండిఘటం! సముద్రం ఒడ్డున ఉండే ఒక పెద్ద తాబేలూ అదే మాట అంది. నీ అన్నలిద్దర్నీ నేనే దించొచ్చాను, ఇది జరిగే పని కాదు, ఇంటికి పో అంది. నువ్వు ఈదు తల్లీ, మిగతాది నేను చూసుకుంటానని వీపెక్కి కూర్చున్నాడు. ఏం చేస్తుంది పాపం, ఏడు సముద్రాలూ దాటించింది.

తోటలో ధూమకేశుడు ఉయ్యాల ఊగుతున్నాడు. పక్కనే రాళ్ళైన అన్నలు. మణిధరుడు వాళ్ళ రాతి తలలు నిమిరాడు. కళ్ళు తుడుచుకుని నిలబడ్డాడు.

"జరగని పని" అని నవ్వాడు మాంత్రికుడు. వాడేమంటే చిలకలూ అదే అంటాయి. తోటంతా ఒకటే గోల.

మణిధరుడికి ఒళ్ళు మండింది. "మా నాయనమ్మ పసిపిల్లప్పుడు వరదొస్తే వాళ్ళమ్మ గంగాళంలో కూర్చోబెట్టి వదిలింది. ఎవరో జాలరి వలకి చిక్కింది. ఆ వల బెత్తెడు పక్కన పడుంటే మా నాన్న లేడు, నేను లేను. నేను పుట్టడమే జరగని పని. అయినా పుట్టాను, నీ ముందు నిలబడ్డాను. ఇప్పుడు కళ్ళు మూసుకుని చెయ్యేస్తా. నీ చిలకే దొరకొచ్చు."

"జరగని పని" అన్నాడు మాంత్రికుడు మళ్ళీ. చిలకలన్నీ అరిచాయి. అన్నీనా? ఊహూఁ. జామకొమ్మ చివర ఒకటి మాత్రం నోరు మెదపలేదు. రెక్కలు ముడుచుకుని గజగజ వణుకుతోంది. మిగతావన్నీ మంత్రం బొమ్మలు, వాటికేం భయం? ప్రాణమున్నది అదొక్కటే కాబట్టి, జరగొచ్చని దానికొక్కదానికే తెలుసు.

మణిధరుడు దాన్నే పట్టుకుని మెడ విరిచాడు. మాంత్రికుడు ఉయ్యాల మీంచి దబ్బున పడ్డాడు, మళ్ళీ లేవలేదు. అన్నలు ఆవులిస్తూ లేచారు.

ఇందుప్రభ ఇష్టపడి మణిధరుణ్ణి పెళ్ళాడింది. ఇద్దరూ కంబుగిరిని చాలాకాలం చల్లగా ఏలారు. ఒకరోజు ఆవిడ అడిగింది, ఆ చిలక కూడా మిగతావాటితో అరిచుంటే ఏం చేసేవాడివని.

"ఏముంది, నిజంగానే కళ్ళు మూసుకుని చెయ్యేసేవాణ్ణి" అన్నాడు మణిధరుడు.