నడుముకు తువ్వాలు

అప్పలనరసయ్య మాస్టారిని ప్రశ్న అడిగి, నోటితో జవాబు రాబట్టిన శిష్యులు తక్కువ. హాకీ ఆడేవాళ్లు, ఖోఖో ఆడేవాళ్లు, పరుగుపందేల వాళ్లు, అందరూ ఆయన దగ్గరికి ఒకే సందేహంతో వచ్చేవారు. మొదటి అడుగుల్లోనే వేగం అందుకోవడం ఎలా? ఆయన నోట్లో వక్కపలుకు అటునుంచి ఇటు మార్చుకుని మైదానం కేసి చూసేవారు.

పైడితల్లి కూడా అదే అడిగింది. ఆమె కబడ్డీ పిల్ల. ఆ ఏడు క్రీడా హాస్టల్లో కబడ్డీ జట్టును ఎత్తేశారు. మర్నాడు జరిగే వంద మీటర్ల పరుగులో నెగ్గుకొస్తే హాస్టల్లో చోటుంటుంది, లేదంటే పెట్టె సర్దుకోవాలి. ఇంటికి పోతే మళ్లీ ఆటన్న మాటే ఉండదు. ఆ బెంగతో ఆమెకు ముద్ద దిగడం లేదు.

"కబడ్డీలో నలుగురు పట్టుకున్నా ఈడ్చుకుని గీత దాటొచ్చేస్తాను గదా మాస్టారూ! ఇక్కడ నన్నెవులూ పట్టుకోరు. అయినా మొదట్లోనే వెనకబడిపోతన్నాను. ఏటి నా తప్పు?"

మాస్టారు భుజం మీది తువ్వాలు ఆమె నడుముకు చుట్టి, రెండు కొసలూ వెనకనుంచి బిగించి పట్టుకున్నారు. "పద, గీత అందుకో," అన్నారు.

ముసలాయనే కదా అనుకుంది పైడితల్లి. అడుగు కదిలితే ఒట్టు! దాంతో ఆమెకు పౌరుషం వచ్చింది. కబడ్డీలో లాగే తల దించి, ఒళ్లంతా ముందుకు వాల్చి, మునివేళ్లతో నేలను వెనక్కి తోసింది. మాస్టారు జారుతూ వెంట వచ్చారు, కాస్త దూరం పోయాక చడీచప్పుడు లేకుండా వదిలేశారు. ఆ సంగతి తెలియక ఆమె అలాగే తోసుకుంటూ దూసుకుపోయింది. వేగం పెరిగేకొద్దీ ఒళ్లు దానంతటదే నిటారైంది. తిరిగి చూస్తే తువ్వాలు దారిలో పడి ఉంది, మాస్టారు ఎక్కడో వెనక నిలబడి ఉన్నారు. ఇన్నాళ్లూ తను ఈల వినగానే నిక్కి నిలబడి, పక్కవాళ్లు ఎక్కడున్నారో చూసుకునేదని అప్పుడు తట్టింది.

మర్నాడు పందెంలో ఈల మోగింది. పైడితల్లి తల ఎత్తలేదు.

ఎంపికైనవాళ్లలో తన పేరు వినగానే నేలమీద చతికిలబడి బావురుమంది. గండం గడిచాక వచ్చే ఏడుపు అది, దానంత హాయి మరొకటి లేదు. ముక్కు తుడుచుకుని మాస్టారి దగ్గరికి వచ్చింది.

"నిన్నంటే మీరు పట్టుకున్నారు, వాలిపోయాను. ఇయేల ఎవులూ పట్టుకోలేదు గదా, మరెలాగొచ్చింది మాస్టారూ?"

"పట్టుకునేవోళ్లుంటే ఒళ్లు వంచడం ఎవులికైనా వస్తాది తల్లీ," అన్నారు మాస్టారు.