రద్దు కాని పేజీ

కృపానందం గారు ఆపరేటింగ్ సిస్టం లోపలి కెర్నల్ అనే మూల ప్రోగ్రాం రాయడం నేర్పేవారు. ఒకనాడు శిష్యుడు తవిటినాయుడు ఆయన్ని ఇలా అడిగాడు. సర్వర్లో ఫైలు మారినప్పుడు, మెమరీలో దాచుకున్న పాత నకలును పేజీలనే చిన్న ముక్కలుగా, ఒక్కొక్కటే రద్దు చేస్తున్నాం. వేల పేజీల్లో ఒకటి వేరే ప్రోగ్రాం వాడుకలో ఉండి రద్దు కాకపోతే, ఆ ఒక్కదాని కోసం పని విఫలమైందని చెప్పాలా? అయిపోయిందనేస్తే ఏం పోతుంది?

గురువుగారి ముఖం ఎర్రబడింది. వాదించలేదు. తాను విచారణకు వెళ్లిన ఒక ఆనకట్ట సంగతి చెప్పారు.

అక్కడ నూకరత్నం అనే ఉద్యోగిని, గేట్లు ఎత్తే వేళ స్క్రీను మీద చూసి, దిగువన ఏటి ఇసుకలో పుచ్చతోటలు వేసుకున్నవాళ్లకు ఫోన్లో చెప్పేది. ఆ రోజు సాయంత్రం ఎత్తాల్సిన గేట్లను, ఎగువన వానలు ముదరడంతో, మధ్యాహ్నమే ఎత్తాలని ఇంజినీర్లు ఫైలు మార్చారు. నూకరత్నం కంప్యూటర్లో పాత సమయం ఉన్న పేజీ ఒక్కటే రద్దు కాలేదు. కెర్నల్ మాత్రం అంతా రద్దయిందంది. స్క్రీను సాయంత్రమనే చూపింది. ఆమె సాయంత్రమనే చెప్పింది. కాయలు కోస్తున్న మనుషుల మీదికి మిట్టమధ్యాహ్నం నీళ్లొచ్చాయి. పడవలవాళ్లు అందరినీ ఒడ్డుకు చేర్చగలిగారు, పోలయ్య అనే రైతును తప్ప.

తప్పుడు కబురు చెప్పిందని నూకరత్నాన్ని సస్పెండు చేశారు. కోడు రాసినతన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. వేలల్లో ఒక్క పేజీయేనండీ, అన్నాడతను విచారణలో, తేలిగ్గా. అంతవరకు తల దించుకుని కూర్చున్న నూకరత్నం లేచింది.

"తెలీదని చూపించి ఉంటే గేటు దగ్గరికి ఫోన్ చేసి కనుక్కునేదాన్ని కదయ్యా. తెలుసని చూపించారు. నా నోటితోనే ఆయన్ని ఏట్లోకి పంపించారు."

తర్వాత ఆమెకు ఉద్యోగం తిరిగి ఇచ్చారు గాని, ఆమె మళ్లీ ఆ ఫోను ముట్టుకోలేదు.

తవిటినాయుడు, అయితే పేజీ రద్దు కానప్పుడు నా కోడు ఏం చెప్పాలి గురువుగారూ, అని అడిగాడు.

"ఆ పూట నూకరత్నానికి ఏం చెప్పి ఉండాల్సిందో, అది చెప్పు" అన్నారు కృపానందం గారు.