బిల్కిస్‌కు మందు

మందు వేసేకొద్దీ బిల్కిస్ చిక్కిపోతోంది. ఎందుకో దస్తగిరికి అంతుపట్టడం లేదు.

గుట్ట మీది దర్గాలో పీర్ సాహెబ్ పెంచుకుంటున్న ముసలి పిల్లి బిల్కిస్. దానికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయనీ, రోజూ మాత్ర వేసి, మెడ వెనక చర్మం కింద సెలైన్ ఎక్కించాలనీ పశువుల డాక్టరు చెప్పాడు. సూది ఎలా గుచ్చాలో చూపించాడు కూడా. ఆ పని తనకే కావాలని శిష్యుల్లో దస్తగిరి ముందుకొచ్చాడు.

వేళ తప్పేవాడు కాదు. వెనక నుంచి తువ్వాలు వేసి పిల్లిని చుట్టేసేవాడు. దవడలు విడదీసి మాత్ర నాలుక వెనక్కి తోసేవాడు. సెలైన్ ఎక్కేదాకా అదిమిపట్టేవాడు. అయిపోగానే చేతులు కడుక్కుని వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు గది ఊడుస్తుంటే చాప కింద మాత్రలు దొరికాయి. సగం కరిగి, బొచ్చు అంటుకుని ఉన్నాయి.

ఎవరో కక్కిస్తున్నారనుకున్నాడు. అనుమానం ఖాదర్‌వలి మీదికి పోయింది. ఖాదర్‌వలి కూడా పీర్ సాహెబ్ శిష్యుడే, వంట చూసుకుంటాడు. దస్తగిరిని చూస్తేనే బీరువా కిందికి దూరే పిల్లి, ఖాదర్‌వలి ఒళ్ళో మాత్రం హాయిగా పడుకుంటుంది. ఏదో పెట్టి దాన్ని మచ్చిక చేసుకున్నాడు వాడు. నాకు మంచిపేరు రాకూడదని!

ఆ రోజు నుంచి కాపు కాశాడు. కిటికీ సందులోంచి తొంగిచూశాడు. సలాం చెప్పే నెపంతో ఖాదర్‌వలి చేతులు పట్టుకుని వాసన కూడా చూశాడు. ఉల్లిపాయ వాసన తప్ప ఇంకేమీ రాలేదు. ఏమీ దొరక్కుండా చేస్తున్నాడంటే మరీ గడుసువాడన్నమాట!

చివరికి పీర్ సాహెబ్ దగ్గరికి వెళ్ళాడు.

"హజ్రత్, ఖాదర్‌వలిని పంపించెయ్యండి. వాడుంటే బిల్కిస్ బతకదు."

"ఏం చేస్తుండగా చూశావు?"

"చూడలేదు. కానీ నాకు తెలుసు."

పీర్ సాహెబ్ లేచి లోపలికి వెళ్ళాడు. ఖాదర్‌వలిని పిలిపిస్తాడు కాబోలని దస్తగిరి వాకిలి వైపు తిరిగి నిలబడ్డాడు.

వెనక నుంచి తువ్వాలు వచ్చి మీద పడింది. చేతులు రెండూ బిగుసుకుపోయాయి. ఎవరివో వేళ్ళు దవడ నొక్కుతున్నాయి.

"నోరు తెరువు!"

అది పీర్ సాహెబ్ గొంతే. అయినా దస్తగిరి గింజుకున్నాడు. తల అటూ ఇటూ విసిరాడు. పళ్ళు మాత్రం విప్పలేదు.

పీర్ సాహెబ్ తువ్వాలు తీసేసి, ఆయాసపడుతూ గుప్పిట తెరిచాడు. లోపల ఖర్జూరం.

"ఎప్పట్నుంచి నా చేతి తిండి తింటున్నావు?"

"చిన్నప్పట్నుంచీ, హజ్రత్."

"మరి ఇప్పుడు నీ పళ్ళు ఎవరు బిగించారు? ఖాదర్‌వలీనా?"

దస్తగిరి తల దించుకున్నాడు. పీర్ సాహెబ్ ఖర్జూరాన్ని అతని అరచేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

సాయంత్రం దస్తగిరి వంటగది గడపలో నిలబడ్డాడు.

"ఖాదరన్నా, ఒకసారి వస్తావా? నువ్వు ఒళ్ళో కూచోబెట్టుకుంటే నేను మందు వేస్తాను."

ఖాదర్‌వలి చేతులు తుడుచుకుని వచ్చాడు. బిల్కిస్ గుర్రుమంది, ఒకసారి గోళ్ళు దించింది. కానీ మాత్ర లోపలికి పోయింది. సెలైన్ కూడా ఎక్కింది.

పని కాగానే లేవబోయిన దస్తగిరి మళ్ళీ కూచున్నాడు. బిల్కిస్ ఒళ్ళోంచి దూకి, దూరంగా గోడకు ఆనుకుని అతన్నే చూస్తోంది. రెప్ప వెయ్యడం లేదు.

పీర్ సాహెబ్ అటుగా వచ్చాడు.

"ఇంకా అనుమానంగానే చూస్తోంది, హజ్రత్."

"చూడనీ. నువ్వు లేవకు."