సత్తిరాజు కారుకి మూడు మీటర్లు

అనగనగా ఓ కొండ, ఆ కొండ కింద ఓ ఊరు. ఇటు దగ్గరికి జరుగు తల్లీ, దుప్పటి సరిగ్గా కప్పుకో. ఆ ఊళ్ళో సత్తిరాజు అని ఓ పెద్దాయన ఉండేవాడు. ఆయనకి వాళ్ళ నాన్న కాలంనాటి కారొకటి ఉండేది. గుండ్రటి దీపాలు, బొద్దుబొద్దు బుగ్గలు, లోపల స్టీరింగు ముందు నున్నటి టేకు చెక్క.

కొండ మీదికి బస్సు వెళ్ళేది కాదు. పై పల్లెల్లో ఎవరికి బాగోకపోయినా ఆ కారే వాళ్ళని కిందికి, ఆస్పత్రికి తెచ్చేది.

అందులో స్పీడు చూపించే మీటరు ఒక్కటే ఉండేది. ఇంకేమీ అక్కర్లేదు కూడా. సత్తిరాజు ఇంజను చప్పుడు వింటూనే దాని ఒంట్లో ఎలా ఉందో చెప్పేసేవాడు. "దీనికి దాహం వేస్తోంది" అని దిగి, రేడియేటర్లో నీళ్ళు పోసేవాడు.

ఆ తర్వాత ఆయనకి వయసు మీద పడింది. చెవులు మందగించాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు కొండెక్కుతుంటే నీళ్ళు మరిగిపోయాయి. ఆ బుసబుస ఆయనకి వినపడలేదు. అద్దం నిండా ఆవిరి కమ్మేశాకే ఆపాడు. ఇంకోరోజు ఫ్యాను బెల్టు జారి కీచుమంటున్నా తెలియలేదు. ఛార్జింగు అందక బ్యాటరీ కాస్తా దిగిపోయి, బండి సంత మధ్యలో ఆగిపోయింది. నలుగురూ కలిసి ఇంటిదాకా తోశారు. అప్పుడు సత్తిరాజు కారు మీద ఓ పాత గోనెపట్టా కప్పేసి, "దీని పనైపోయింది" అన్నాడు.

ఆయనకి భూలక్ష్మి అని ఓ కూతురు. బస్టాండు వెనక షెడ్డులో లారీలకి వైరింగు పని చేసేది. తేడా కారులో లేదని ఆమెకి తెలుసు. నాన్న నొచ్చుకుంటాడని నోరెత్తలేదు. రాజమండ్రి వెళ్ళి మూడు చిన్న మీటర్లు కొనుక్కొచ్చింది. ఒకటి ఇంజను వేడి చూపిస్తుంది. ఇంకొకటి ఆయిలు బాగా తిరుగుతోందో లేదో చూపిస్తుంది. మూడోది బ్యాటరీ సంగతి చెబుతుంది.

అవి చూసి సత్తిరాజు ముఖం ముడుచుకున్నాడు. "నేను చెవిటివాణ్ణని ఊరందరికీ చూపించడానికా?" అన్నాడు. ఆ ఇంట్లో ఆ మాట రావడం అదే మొదలు.

భూలక్ష్మి ఆయన పక్కన కూర్చుంది. "నీతో నేనూ వస్తాను నాన్నా. వెనక హారన్లు నేను వింటాను. ముందు మీటర్లలో ముళ్ళు నువ్వు చూడు."

సత్తిరాజు లేచి వెళ్ళి కారు మీది గోనెపట్టా లాగేశాడు. "మా నాన్న చెక్కకి మాత్రం కన్నం పెట్టకు" అన్నాడు.

సరేనని ఆమె చెక్క కింద ఓ ఇనప పట్టీ బిగించి, మూడు మీటర్లూ వరసగా దానికి అమర్చింది. వైర్లు లాగింది. ఆయిలు మీటరుకి ఇంజను నుంచి సన్నటి రాగి గొట్టం తెచ్చి కలిపింది. తాళం తిప్పగానే ముళ్ళు మెల్లగా లేచాయి. సత్తిరాజు వాటివంక అలా చూస్తూ ఉండిపోయాడు.

ఆ తర్వాత ఓ పొద్దున్నే పై పల్లె నుంచి కబురొచ్చింది. సోములమ్మ అనే అమ్మాయికి నొప్పులొస్తున్నాయట. తండ్రీ కూతురూ వెళ్ళి, ఆ పిల్లనీ వాళ్ళమ్మనీ ఎక్కించుకుని దిగుతున్నారు. భూలక్ష్మి వెనక్కి తిరిగి సోములమ్మ చెయ్యి పట్టుకుని ఉంది. అప్పుడు ఆయిలు మీటరు ముల్లు పడిపోసాగింది. సత్తిరాజు చూశాడు. వెంటనే బండి పక్కకి తీసి ఇంజను ఆపేశాడు.

బానెట్ ఎత్తి చూస్తే, రాగి గొట్టం దగ్గర నట్టు వదులై ఆయిలు కారిపోతోంది. ఇంకాసేపు నడిపితే ఇంజను పట్టేసేది.

భూలక్ష్మి దిగి వచ్చి ఆ నట్టు చూసింది. "నేనే సరిగ్గా బిగించలేదు నాన్నా."

సత్తిరాజు తువ్వాలు చేతికి చుట్టుకుని నట్టు బిగించాడు. డిక్కీలోంచి డబ్బా తీసి ఆయిలు పోశాడు. "కారేట్టు చేసిందీ నీ మీటరే, కారుతోందని చెప్పిందీ నీ మీటరే. చెల్లుకు చెల్లు" అని నవ్వాడు. దాంతో ఆమె కూడా నవ్వింది.

మళ్ళీ స్టీరింగు ముందు కూర్చున్నాడు. వెనకనించి సోములమ్మ వాళ్ళమ్మ ఏదో చెబుతోంది. అద్దంలో ఆవిడ పెదాలు కదలడం కనిపించింది, మాట అందలేదు. తొందరగా పొమ్మంటోందేమో అనుకుని గేరు మీద చెయ్యి వేశాడు. అంతలోనే ఆ చెయ్యి తీసేసి వెనక్కి తిరిగాడు.

"అమ్మా, నాకు సరిగ్గా వినపడదు. కాస్త గట్టిగా చెప్పు."

ఆవిడ ముందుకి వంగి, "మలుపుల్లో కుదుపులకి మా పిల్ల తట్టుకోలేకపోతోంది. మెల్లగా పోనియ్యి బాబూ" అంది.

అప్పుడు ఆయన నిండు బిందె నెత్తిన పెట్టుకుని నడిచినంత మెల్లగా కొండ దిగాడు. ఆ మధ్యాహ్నమే సోములమ్మకి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా చల్లగా ఉన్నారు.

కారేమో షెడ్డుకి, పాపాయేమో తొట్టెకి,
కథేమో కంచికి, మన కళ్ళేమో నిద్రకి.