మేక తినని కాగితం

నల్లగుట్ట కింద దొడ్డిలో పర్లయ్య అనే కోడిపుంజు ఉండేవాడు. ఉండేవాడంటే మామూలుగా ఉండటం కాదు, తోక పైకెత్తి, రొమ్ము విరుచుకుని మరీ ఉండేవాడు. తను కూస్తే గానీ గుట్ట మీదికి సూర్యుడు రాడని వాడి నమ్మకం. పెళ్లాం చుక్కమ్మ ఆ నమ్మకాన్ని చెడగొట్టే పని పెట్టుకోలేదు. ఆరుగురు పిల్లలతో ఆవిడకి అంత తీరికెక్కడిది?

అలాంటి పర్లయ్య నెల్లాళ్లుగా కూత మానేశాడు. కూస్తే ఎక్కడున్నాడో తెలిసిపోతుంది. తెలిసిందా, కాకి కనకం వచ్చి నెత్తిన వాలుతుంది. కనకం ఉద్యోగం నక్క బ్యాంకులో. అప్పులివ్వడానికి కాగితాలు రాసేదీ అదే, తర్వాత వసూలుకి వచ్చేదీ అదే.

సంగతేమిటంటే, గుట్ట అవతల పాడుబడ్డ సున్నపు బట్టీలో నక్క నాగభూషణం గింజల బ్యాంకు పెట్టాడు. వానల్లేని ఆ ఏడు పిల్లలు ఆకలికి కీచుకీచుమంటుంటే చూడలేక, ఒక గంపెడు జొన్నలు అప్పడుగుదామని పర్లయ్య అక్కడికి వెళ్లాడు.

"గంపెడా!" నాగభూషణం రెండు చెవులూ మూసుకున్నాడు. "పర్లయ్యగారూ, ఆ మాట ఇంకెక్కడా అనకండి, పరువు పోతుంది. మీ అంతవారికి మూడు బస్తాలకి తక్కువ ఇస్తే రేపు నలుగురిలో నేను తలెత్తుకోగలనా?"

"మూడు బస్తాలే! ఎలా తీర్చనండీ? నా దగ్గరేముందని?"

"మీకేం తక్కువండీ బాబూ! ముందు ఆ తోక చూసుకోండి!"

తోక మాటెత్తాక పర్లయ్య ఇంకేం ఆలోచిస్తాడు? అక్కడే పడిపోయాడు. బట్టీలో జొన్నలకి పురుగు పట్టిందనీ, చినుకు పడేలోపు వదిలించుకోకపోతే అంతా పిండైపోతుందనీ, పుచ్చు గింజలిచ్చి మంచి సరుకు వసూలు చేసుకోవడమే నక్క ఎత్తనీ వాడికేం తెలుసు? సాయంత్రంలోగా ఇంకో ముప్ఫై దరఖాస్తులు పూర్తి చెయ్యాలని కనకం ఒకటే హడావిడి. తలెత్తి చూడకుండా గబగబా రాసేసింది. నాగభూషణం తలెత్తి చూడకుండా ముద్ర కొట్టేశాడు. పర్లయ్య, చదివితే అనుమానించినట్టుంటుందేమోనని, చదవకుండా కాలిముద్ర వేసేశాడు.

మొదటి వాయిదా తప్పింది. నాగభూషణం కోప్పడలేదు. "దానికేముందండీ, వడ్డీకి ఇంకో రెండు బస్తాలు అప్పిస్తాను" అన్నాడు. ఆ రెండు బస్తాలు బట్టీ గడప దాటనేలేదు, అక్కడికక్కడే వడ్డీ కింద జమైపోయాయి. లెక్క మాత్రం పెరిగింది. చూస్తుండగా మూడు బస్తాలు ఏడయ్యాయి. 'పర్లయ్యగారూ' కాస్తా 'ఒరేయ్ పర్లిగా' అయింది.

"ఒరేయ్ పర్లిగా! గడ్డివాము కింద దాక్కున్నావేంట్రా? తోక బయటే ఉంది!" అని కనకం చూరెక్కి దొడ్డంతా వినబడేట్టు అరిచేది. "పున్నమిలోగా కట్టలేదనుకో, జీవితాంతం బ్యాంకులో సేవ చేసుకోవాలి. కాగితంలోనే ఉంది!"

సేవ అంటే ఏమిటో అందరికీ తెలుసు. కిందటేడు సేవకెళ్లిన బాతు తిరిగి రాలేదు. నాగభూషణం కూర్చునే దిండు మాత్రం మెత్తగా, తెల్లగా తయారైంది.

పర్లయ్యకి తిండి సయించడం లేదు. చిన్నపిల్ల వచ్చి "నాన్నా, నువ్వు కూయవేం? పొద్దెక్కినా అందరూ నిద్రపోతున్నారు" అని అడిగిన రోజున వాడికి ఏడుపే వచ్చింది. ఇక చుక్కమ్మ ఊరుకోలేదు.

"ఎన్నాళ్లిలా నక్కుతావు? ఆ కాగితం పట్టుకుని మంగత్త దగ్గరికెళ్లు."

మంగత్త ముసలి మేక. బడి వెనక పారేసిన పుస్తకాలు తిని పెరిగింది కాబట్టి చదువు బాగా వంటబట్టింది. పర్లయ్య వెళ్లి కాగితం దాని ముందు పరిచాడు.

"అత్తా, నీకు పుణ్యముంటుంది, దీన్ని తినేసెయ్. ముక్క మిగలకూడదు. హడావిడిలో కనకం ఇదొక్కటే రాసి నా చేతికిచ్చేసింది, నక్క దగ్గర ఇంకో నకలు లేదు."

మంగత్త వాసన చూసింది. నోరూరింది. అయినా తినేముందు చదవడం దానికి అలవాటు. చదువుతూ చదువుతూ, నెమరేస్తున్న గడ్డి కింద పడేదాకా నవ్వింది.

"నేను తినను అల్లుడూ. దీన్ని నీ పిల్లలకంటే భద్రంగా చూసుకో. రేపు పొద్దున్నే తాబేలు తాత దగ్గర తగువు పెట్టు. అక్కడ నువ్వు నోరు విప్పకు. ఓ గంపలో గడ్డి పరుచుకుని కూచో, చాలు."

"గంపలోనా? పెట్టలాగా? నలుగురిలో నా పరువేం కాను?"

"నీకు పరువు కావాలా, మెడకాయ కావాలా?"

పర్లయ్య గంప వెతుక్కోవడానికి వెళ్లాడు.

మర్నాడు క్వారీ గుంట ఒడ్డున తగువు. తాబేలు తాత మాటకీ మాటకీ మధ్య ఓ కునుకు తీసేంత వ్యవధి ఇస్తాడు గానీ, తీర్పు చెబితే గుట్టలో ఎదురు చెప్పేవాళ్లు లేరు. పర్లయ్య గంపలో ముడుచుకు కూర్చున్నాడు. బాతుపిల్లలు కిసకిసలాడుతుంటే వాడికి చచ్చేంత సిగ్గేసింది. నాగభూషణం దిండు వేయించుకుని కూర్చున్నాడు.

"ఏడు బస్తాలు తాతా. లేదంటే వీణ్ణి ఇప్పుడే తీసుకుపోతాను. అంతా కాగితంలో ఉంది."

తాత మెడ బయటికి చాచాడు. "ఈ కాగితం... నిజమేనా?"

"అక్షరం తేడా లేదు. నేను స్వయంగా చూసి ముద్ర వేశాను."

"అయితే... చదవండి."

మంగత్త గొంతు సవరించుకుంది. "పేరు పర్లయ్య. రోజుకి రెండు గుడ్లు పెట్టును. తీసుకున్న అప్పును వడ్డీతో సహా గుడ్ల రూపంలోనే తీర్చవలెను. తీర్చనిచో జీవితాంతం బ్యాంకులో సేవ చేయవలెను. పై సంగతులు స్వయంగా పరిశీలించి తృప్తి చెందితిమి. ఇట్లు, నాగభూషణం."

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, అందరూ పొట్టలు పట్టుకుని నవ్వడం మొదలెట్టారు.

మంగత్త మాత్రం నవ్వలేదు. "మా అల్లుడు పొద్దుట్నుంచీ గంపలోనే ఉన్నాడు తాతా. ఎగ్గొట్టే రకం కాదు. పెట్టడం ఆలస్యం, ఇచ్చేస్తాడు. బ్యాంకువారే కాస్త ఓపిక పట్టాలి."

"ఏమిటీ వేళాకోళం!" నాగభూషణం దిండు మీంచి ఎగిరి లేచాడు. "అది పుంజు! పుంజు గుడ్లెలా పెడుతుంది?"

"అలాగా? ఆ సంగతి మీకెప్పుడు తెలిసింది బాబూ?" అంది మంగత్త.

నక్క తోక ముడిచి కనకం వైపు చూశాడు.

"ముందే తెలుసంటే, తీర్చలేడని తెలిసే అంటగట్టారు. ఇప్పుడే తెలిసిందంటే, చూడకుండానే చూశానని ముద్ర కొట్టారు. మీకు ఏది బాగుంటే అదే చెప్పండి, మాకేం అభ్యంతరం లేదు."

"రాసింది నేను కాదు! ఆ కనకం!"

"ఆహా, నా మీదికే తోస్తారా!" కాకి గయ్యిమంది. "గుడ్లో పాలో ఇచ్చేవాళ్లకే అప్పన్న రూలు మీది కాదూ? ఎవరొచ్చినా గుడ్లనో పాలనో రాసెయ్, జొన్నలకి పురుగు పట్టింది, ఎలాగోలా వదిలించమన్నది మీరు కాదూ?"

ఆ మాటతో నవ్వు ఆగిపోయింది. ముప్ఫై ఇళ్ల వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పుచ్చు గింజలు తిన్న పిల్లల కడుపునొప్పి ఇప్పుడు గుర్తొచ్చింది అందరికీ.

తాబేలు తాత చాలాసేపు ఆలోచించాడు. "వడ్డీ చెల్లదు. గడప దాటని బస్తాలు అప్పే కాదు. సేవ మాటెత్తితే... పొలిమేర దాటిస్తాను. పర్లయ్య తిన్నది మూడు బస్తాల పుచ్చు జొన్నలు. పంటలొచ్చాక, వారానికి ఓ దోసెడు చొప్పున, పుచ్చు జొన్నలే తిరిగిస్తాడు." తర్వాత గంప వైపు తిరిగాడు. "నువ్వూ తక్కువవాడివేం కాదురా. తోక బాగుందంటే కాలిముద్ర వేసేస్తావా?"

పర్లయ్య తల దించుకున్నాడు. తప్పు చేశానని వాడికి తెలుసు. కానీ మెడ దాని చోట అది ఉందన్న సంతోషంలో కళ్లు చెమర్చాయి.

"ఇప్పుడు తినొచ్చా తాతా?" అంది మంగత్త. తాత తలూపాడు. నాలుగుసార్లు నమిలేసరికి కాగితం మాయమైంది. "ముద్ర దగ్గర కాస్త చేదుగా ఉంది" అని మూతి తుడుచుకుంది.

మర్నాడు మంగత్త ఇంటి ముందు కాగితాలు పట్టుకుని ముప్ఫై మంది బారు తీరారు. ముందు నిలబడ్డ ఎద్దు పేరున పూటకి నాలుగు లీటర్ల పాలు రాసి ఉన్నాయి. ఆ తెల్లవారుజామునే పర్లయ్య చూరెక్కి, నెల రోజుల బాకీ అంతా తీరేలా కూశాడు. చుక్కమ్మ చెవులు మూసుకుని మరీ మురిసిపోయింది.

ఇక నాగభూషణానికి బుద్ధి వచ్చింది. ఈసారి ఎవరికి అప్పిచ్చినా నిలువునా పరిశీలించి గానీ ఇవ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. మొట్టమొదట అప్పుకొచ్చింది గాడిద. దాని చుట్టూ ఒకసారి తిరిగి, పరిశీలన వెనకవైపు నుంచి మొదలుపెట్టాడు.

బట్టీ అవతల ముళ్ల కంపలో పడ్డ నక్కని లేపుతూ కనకం అడిగింది: "స్వయంగా చూశారా సార్? ముద్ర వెయ్యమంటారా?"

నీతి: చూడకుండా అప్పిచ్చినవాడు కళ్లెర్రజేసి వసూలుకొస్తే, ముందు ఆ కళ్లు అప్పుడెక్కడున్నాయో చెప్పుకోవలసి వస్తుంది.