జోడురేవు పంటులు

అనగనగా, వంతెన కట్టడం ఇంకా ఎవరికీ తెలియని కాలంలో, ఒక పెద్ద ఏటికి అటూ ఇటూ పరచుకుని జోడురేవు అనే నగరం ఉండేది.

ఆ నగరంలో పైడమ్మ అనే చాటింపుమనిషి ఉండేది. ప్రతి సోమవారం సంతవేళకు ఆమె రేవు మెట్ల మీద నిలబడి నగారా మోగించేది. ఏ వీధికి నీళ్లొచ్చాయి, ఏ బాట బాగుపడింది, ఖజానా నిండుగా ఉందా వెలితిగా ఉందా, నగరసభ సంగతులన్నీ జనానికి వినిపించేది. ఆమె గొంతు ఏరు దాటి అవతలి ఒడ్డుకు కూడా చేరేది. మంచి కబురు చెప్పాల్సి వస్తే వినేవాళ్లకంటే ముందు ఆమెకే ఒళ్లు పులకరించేది.

ఒక ఏడాది నగరం చూస్తూ చూస్తూ ఉండగానే పెరిగిపోయింది. అవతలి ఒడ్డున పది గుడిసెలున్న చోట వెయ్యి ఇళ్లు లేచాయి. ఏరు దాటడానికి మాత్రం రెండే రెండు చిన్న దోనెలు. వానలు పడితే అవీ కదలవు. అప్పుడు అవతలివాళ్లకు సంత లేదు, పని లేదు, జ్వరమొస్తే వైద్యుడూ లేడు.

అందుకని నగరసభ మూడు పంటులు కట్టించాలనుకుంది. పంటు అంటే బళ్లూ పశువులూ మనుషులూ అందరూ ఒకేసారి ఎక్కే వెడల్పాటి బల్లకట్టు. ఒడ్డు నుంచి ఒడ్డుకు కట్టిన మోకు పట్టుకుని లాగితే, ఏరు పోటెత్తినా దాటేస్తుంది. దానితోపాటు కుర్రకారుకు వడ్రంగం, కమ్మరం, నేత నేర్పే పనిబడి కూడా పెట్టాలనుకుంది.

నగరసభ పెద్ద గోవర్ధనశెట్టి పైడమ్మను పిలిపించాడు. "పైడమ్మా, వచ్చే సోమవారం మొదటి పంటు నీళ్లలోకి దిగుతుందని చాటు" అన్నాడు.

పైడమ్మ పరుగున వెళ్లి నగారా మోగించింది. జనం కేరింతలు కొట్టారు. సోమవారం తెల్లవారేసరికి అవతలి ఒడ్డంతా బళ్లు, బుట్టలు, మేకలు. ఎండ నడినెత్తికొచ్చింది. పంటు రాలేదు.

పైడమ్మ శెట్టి దగ్గరికి వెళ్లి అడిగింది. "కాస్త ఆలస్యమైంది, అంతే. ఈసారి పనిబడి సిద్ధమైందని చాటు. పిల్లల్ని పంపమను" అన్నాడాయన.

ఆమె చాటింది. రెండొందలమంది పిల్లలు తలలు దువ్వుకుని వచ్చారు. చూస్తే నాలుగు గోడలున్నాయి, పైన కప్పు లేదు. లోపల ఒక్క గురువు, ఒకే ఒక్క ఉలి.

ఆ రోజు అవతలి ఒడ్డు కుమ్మరి సన్నాసమ్మ అనే ముసలావిడ మనవరాలి చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరికొచ్చింది. "పైడీ, మాకు శెట్టిగారు కనబడరమ్మా. నీ గొంతే వినబడుతుంది. అబద్ధం ఆయనదో నీదో మాకేం తెలుస్తుంది?" అంది.

పైడమ్మకు ఆ మాట సూటిగా తగిలింది. చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

మూడోసారి శెట్టి కబురంపాడు. "మూడు పంటులూ సిద్ధం. ఖజానా కళకళలాడుతోంది. మన నగరానికి సాటి లేదు. ఇలా చాటు!"

ఈసారి పైడమ్మ నేరుగా మెట్ల దగ్గరికి వెళ్లలేదు. పడవలు కట్టే చోటికి వెళ్లింది. అక్కడ ఒక పంటు పూర్తయి ఉంది. రెండోది పక్కటెముకల్లా అడ్డకర్రలు తేలి ఉంది. మూడో దానికి చెక్కే లేదు.

"ఏం జరిగింది వీరాచారీ?" అని వడ్రంగిని అడిగింది.

"కలప కొనాల్సిన సొమ్ముతో నగరద్వారం మీద ఇత్తడి శిఖరం పెట్టించారమ్మా. పొరుగు రాజులు చూసి మెచ్చుకోవాలట. ఉన్న ఒక్క పంటూ దింపుదామంటే లాగే మోకు లేదు. వానలేమో నలభై రోజుల్లో ఉన్నాయి" అన్నాడు వీరాచారి.

పైడమ్మ మెట్లెక్కింది. నగారా మోగించింది.

"వినండహో! పంటు ఒక్కటే పూర్తయింది. దానికి మోకు లేదు. రెండోది సగంలో ఉంది. మూడోదానికి కలప లేదు. ఆ సొమ్ము శిఖరానికి పోయింది. పనిబడికి కప్పు లేదు. వానలు నలభై రోజుల్లో వస్తాయి. మీకు రెండుసార్లు తప్పు కబురు చెప్పింది నేనే. చూడకుండా చెప్పాను. ఈసారి కళ్లారా చూసి చెబుతున్నాను!"

సంతంతా మెట్ల వైపు తిరిగింది.

గోవర్ధనశెట్టి రొప్పుతూ వచ్చాడు. "ఎంత ధైర్యం నీకు! ఆ నగారా ఇలా పెట్టు!"

పైడమ్మ నగారాను ఆయన కాళ్ల దగ్గర పెట్టి పక్కకు నిలబడింది.

అప్పుడు సన్నాసమ్మ గొంతెత్తింది. "శెట్టిగారూ, మూడే మూడు మాటలు అడుగుతాను. కలప ఎంత కావాలి? మోకు ఎంత పొడుగుండాలి? ఎన్ని చేతులు కావాలి?"

రాళ్లు పడతాయనుకున్న శెట్టి మీద ప్రశ్నలు పడ్డాయి! ఆయన తల వంచుకున్నాడు. "ఎనభై దుంగలు. ఏటి వెడల్పుకు రెట్టింపు మోకు. ఎన్ని చేతులొస్తే అన్నీ కావాలి. పని వెనకబడిందని తెలిస్తే నన్ను దించేస్తారని భయపడ్డానమ్మా."

"ఇంకా దాచి ఉంటే దించేవాళ్లం. చెప్పారు కాబట్టి పని చూద్దాం పదండి!" అంది సన్నాసమ్మ.

ఇక చూడాలి ఆ సందడి! కలప వర్తకులు డబ్బు తర్వాత చూద్దామని దుంగలు దొర్లించుకొచ్చారు. శెట్టి శిఖరాన్ని దింపించి, అమ్మించి, ఆ డబ్బుతో పనిబడికి కప్పు వేయించాడు. రెండు ఒడ్డుల ఆడవాళ్లూ కూర్చుని కొబ్బరిపీచుతో మోకు పేనారు. పనిబడి కుర్రకారుకు వీరాచారి పడవ దగ్గరే పాఠం మొదలుపెట్టాడు. చెక్కల సందుల్లో నార కూరడం ఒకరు నేర్చుకుంటే, గుగ్గిలం పూయడం ఇంకొకరు నేర్చుకున్నారు. శెట్టి తనే నగారా తెచ్చి పైడమ్మ చేతికిచ్చాడు. ఆమె రోజూ ఎంత పని అయిందో, ఎంత మిగిలిందో చాటింది. పని మిగిలిందని విన్నప్పుడల్లా మర్నాడు ఇంకో వందమంది వచ్చేవాళ్లు!

ముప్పై ఎనిమిదో రోజున, మబ్బులు కమ్ముతుండగా, పంటులు ఏట్లోకి దిగాయి. "లాగండి! లాగండి!" అని ఊరంతా ఒక్కటే కేక. ఒక గేదె ఎక్కనని మొండికేస్తే నలుగురు వెనక నుంచి తోశారు. సన్నాసమ్మ కుండల బండి అవతలి ఒడ్డు నుంచి ఇవతలికి ఒక్క పెంకు కూడా పగలకుండా దిగింది. ముసలావిడ పంటు మీదే గంతులేసింది.

పైడమ్మ మెట్లెక్కింది. తొలి చినుకులు మొహం మీద పడుతున్నాయి.

"వినండహో! దిగినవి రెండే పంటులు. మూడోదానికి ఇంకా ఒక పక్క నార కూరాలి. ఎనిమిది రోజులు పడుతుంది!"

పూర్తయిన రెండింటికంటే, పూర్తికాని ఆ మూడోదానికే జనం రెట్టింపు చప్పట్లు కొట్టారు. ఆమె మాట నిజమని ఇప్పుడు రెండు ఒడ్డులకూ తెలుసు మరి!

ఉన్నది ఉన్నట్టు చెప్పే పాలకులకు, ప్రజలే తోడై నిలుస్తారు.